ఆదివారం వేయించిన చేప

వెనిగర్ అడక్కుండా ఉండాల్సింది.

చేపా బంగాళాదుంప ముక్కలూ కొని, గుర్తింపు కార్డు చూపించి, నోటుబుక్కులో టైము రాసుకుని బయటపడితే రసెల్ మెట్కాఫ్ పని అయిపోయేది. కానీ ఆ కౌంటరు ముందు నిలబడ్డాక, గొడ్డు కొవ్వులో చేప వేగుతున్న వాసన ముక్కుకి తగిలాక, అతని నోరు కౌన్సిల్ మాట వినడం మానేసింది.

"ఉప్పూ వెనిగరూ?" అని అడిగింది కౌంటరు వెనక అమ్మాయి, తలెత్తకుండా.

"దండిగా పొయ్యండి. పిండి పలుకులు కూడా వెయ్యండి," అన్నాడు.

చేప వేగేటప్పుడు పిండి చిట్లి కొవ్వులో తేలే కరకరలాడే పలుకులవి. యార్క్‌షైర్‌లో వాటికి డబ్బు తీసుకోరు. అడిగినవాడికి గుప్పెడు వేస్తారు. అడిగాడంటే వాడు ఆకలేసి వచ్చిన మనిషేనని నమ్ముతారు. ఆ అమ్మాయి కూడా నమ్మింది. గుప్పెడు కాదు, రెండు గుప్పెళ్ళు వేసి పొట్లం కట్టింది. రసెల్ ఆ పొట్లం అందుకుని చంకలో పెట్టుకున్నాడు. అప్పుడు తీశాడు కార్డు.

తాను హెబుల్‌షా కౌన్సిల్ షాపుల ఇన్‌స్పెక్టర్‌ననీ, ఇవాళ ఆదివారమనీ, ఆదివారంనాడు చేపల దుకాణంలో వేయించిన చేపా దుంపలూ అమ్మడం 1950 నాటి చట్టం ప్రకారం నేరమనీ బట్టీపట్టిన పాఠం అప్పజెప్పాడు. వెనక వరసలో బురద బూట్లతో నిలబడ్డ కొండనడకకి వచ్చిన జనం మెడలు సాచి కార్డు వంక చూశారు.

అమ్మాయి ఇప్పుడు తలెత్తింది. వాన కురవబోయే ముందు కొండ మీద ఆకాశం ఏ రంగులో ఉంటుందో ఆ రంగు కళ్ళు. వాన కూడా అందులోనే ఉంది.

"ఆ పొట్లం ఇలా ఇవ్వండి," అంది.

"ఇవ్వను. అది సాక్ష్యం."

"సాక్ష్యానికి పిండి పలుకులు ఎందుకండీ ఇన్‌స్పెక్టరుగారూ? జడ్జిగారు నంజుకోవడానికా?"

వరసంతా గొల్లుమంది. రసెల్ చెవులు ఎర్రబడ్డాయి. అతను నోటుబుక్కులో టైము రాయబోతే పెన్ను జారి కింద పడింది. దాన్ని ఒక ముసలాయన బూటుతో అతని వైపు తన్నాడు. అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"ఒకటి చెప్పండి. ఆదివారం ఎవరూ పని చెయ్యకూడదనే కదా మీ చట్టం?"

"అవును."

"మరి మీరిప్పుడు చేస్తున్నది ఏమిటి?"

రసెల్ కింద పడ్డ పెన్ను కోసం వంగాడు. ఆదివారం జనం పని చెయ్యకుండా చూడటానికి ఆదివారం పనిచేసే మనిషిని జీతమిచ్చి పెట్టుకున్న ఆఫీసు అతనిది.

ఆ చట్టం సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే దాన్ని రాసిన పెద్దమనుషులు సిగ్గుపడి చెప్పుకోరు. ఆదివారంనాడు ఇంగ్లండులో జిన్ సీసా అమ్మొచ్చు, పాలడబ్బా అమ్మకూడదు. ఉడికీ ఉడకని బోటీ అమ్మొచ్చు. కంచర గాడిదకి మేత అమ్మొచ్చు. హెబుల్‌షాలో కంచర గాడిదని చూసినవాడు బతికి లేడు. బట్టల్లేని ఆడవాళ్ళ బొమ్మల పత్రిక అమ్మొచ్చు, బైబిలు అమ్మకూడదు. ఇక చేపా దుంపలూ ఎవరైనా అమ్మొచ్చు, చేపలూ దుంపలూ వేయించే దుకాణం వాళ్ళు తప్ప. నేను వేళాకోళం ఆడటం లేదు. అక్షరాలా అలాగే ఉంది.

రసెల్ నిలబడ్డ ఈ హెట్టీ దుకాణానికి రెండు గుమ్మాల అవతల ల్యూంగ్‌గారి చైనా హోటలు. శనివారం పొద్దున ఒకే వ్యాను వస్తుంది, ఒకే పెట్టె దింపుతుంది. ఆ పెట్టెలో చేపలు సగం ల్యూంగ్‌గారు తీసుకుంటారు, సగం హెట్టీ తీసుకుంటుంది. ఆదివారం మధ్యాహ్నానికి ఎడమ సగం భోజనం, కుడి సగం నేరం. ఇది కనిపెట్టడానికి పార్లమెంటు కావలసి వచ్చింది.

ల్యూంగ్‌గారికే ఇది మింగుడు పడలేదు. తన పెనంలో వేగితే పుణ్యం, మీ పెనంలో వేగితే పాపమా అని ఆయన గేనర్‌ని అడిగేవాడు. గేనర్ అంటే ఆ కౌంటరు వెనక అమ్మాయే, గేనర్ ఆక్‌రాయిడ్. హెట్టీ ఆమె నాయనమ్మ. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే, ఆ ముసలమ్మే పెంచింది.

మిల్లు మూతపడ్డాక హెబుల్‌షాలో సోమవారం నుంచి శనివారం దాకా కుక్కలు కూడా రోడ్డు మీద తీరిగ్గా పడుకుంటాయి. జనం వచ్చేది ఆదివారమే. లీడ్స్ నుంచీ బ్రాడ్‌ఫర్డ్ నుంచీ బస్సులు దిగి, కొండెక్కి, తడిసి, ఆకలితో దిగుతారు. ఆదివారం తలుపు మూస్తే హెట్టీ దుకాణం వారమంతా మూసినట్టే. అందుకని రెండేళ్ళుగా తెరుస్తున్నారు. రెండేళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు, కౌన్సిలర్ హోరెస్ గ్రీన్‌వుడ్ పట్టించుకునేదాకా.

*

రెండో ఆదివారం వాన. యార్క్‌షైర్ వాన మనిషిని కొట్టదు, పక్కనే నడుస్తూ మెడలోకి చేతులు పెడుతుంది. రసెల్ బస్సు దిగి దుకాణం చేరేసరికి అతని కోటు అతని కన్నా బరువైంది. ఈసారి పొట్లం కట్టేటప్పుడు గేనర్ వెనిగర్ సీసా అతని కళ్ళముందే లోపల దాచేసింది.

అప్పుడు వెనకగది తెర పక్కకి జరిపి హెట్టీ బయటికొచ్చింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి, ఏప్రన్ మీద పిండి, జడపిన్నులన్నీ యుద్ధానికి సిద్ధంగా ఉన్నట్టు నిలబడ్డాయి.

"వీడేనా?" అంది.

"వీడే నాయనమ్మా."

"తడిసిపోయాడు కదే."

"తడవనీ."

"నా ఇంట్లో తడిసిన మనిషిని నిలబెట్టను, వాడు ప్రభుత్వమైనా సరే. రా నాయనా, లోపలికి రా."

వెనకగదిలో నాలుగు బల్లలు. నడకవాళ్ళు బూట్లు విప్పి మేజోళ్ళు గది వెచ్చచేసే రేడియేటరు మీద ఆరేసి కూర్చున్నారు. హెట్టీ అతని ముందు టీ పెట్టింది, వెన్న రాసిన రొట్టె పెట్టింది, ఉల్లిపాయ గ్రేవీ పోసిన, తీపి లేని పిండి పుడ్డింగు పెట్టింది. రసెల్ తాను డ్యూటీలో ఉన్నానన్నాడు. డ్యూటీకి కడుపుండదా అని ఆమె అడిగింది. అతను తిన్నాడు, డబ్బు చెల్లించాడు. చెల్లించినట్టు నోటుబుక్కులో రాసుకోలేదు.

అతను తింటుంటే హెట్టీ ఎదురుగా కూర్చుని తన గొడవ చెప్పింది. ఈ ఇల్లు చర్చి వాళ్ళది. పైన కాపురం, కింద దుకాణం. ఆదివారం చట్టం కింద కోర్టులో ఒక్కసారి శిక్ష పడితే చాలు, నెల తిరిగేలోగా ఖాళీ చెయ్యాలని కౌలు కాగితంలో ఉంది. తన మామగారి కాలంలో రాసిన కాగితం. చర్చి ఆస్తులు చూసే పెద్ద ఎవరనుకున్నావు, గ్రీన్‌వుడ్డే. ఆయన మేనల్లుడు ఈ చోట ఏదో కొత్తది కడదామని చూస్తున్నాడు.

"నువ్వు చర్చికి వెళ్తావా అమ్మా?" అన్నాడు రసెల్.

"డెబ్బై ఏళ్ళ నుంచీ ఒక్క ఆదివారం తప్పలేదు. పదింటికి దేవుడి దగ్గర, పన్నెండింటికి పెనం దగ్గర. ఆయనకీ నాకూ మధ్య గొడవలేం లేవు. మధ్యలో ఈ కౌన్సిల్ ఎవరు?"

రసెల్ పుడ్డింగు ఇంకో చెంచా తిన్నాడు. సాక్ష్యం పొట్లం పక్క కుర్చీలో చల్లారిపోతోంది.

ఇక్కడ ఏ కాస్త దమ్మున్న మనిషైనా లేచి, ఆఫీసుకెళ్ళి, ఈ ఫైలు నేను చూడను అని చెప్పేవాడు. రసెల్ అలా చెప్పలేదు. మంచివాడే. మంచివాళ్ళతో వచ్చిన చిక్కే ఇది: లోకంలో చెడ్డ కాగితాలన్నిటి మీదా సంతకాలు వాళ్ళవే ఉంటాయి.

*

ఆరు ఆదివారాలు కొనాలి, ఆరు పొట్లాలు కావాలి, అప్పుడే కేసు. అది ఆఫీసు పద్ధతి. పొట్లాలకి చీటీలు కట్టి ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టేవాడు. నాలుగో వారానికి టైపిస్టులు పాలు పెట్టుకోవడం మానేశారు. అయిదో వారానికి ఆ గదిలోకి రావడం మానేశారు.

రసెల్ మాత్రం ఆదివారం కోసం చూడటం మొదలెట్టాడు. తరవాత ఆదివారం దాకా ఆగలేక గురువారాలు కూడా వెళ్ళాడు. గురువారం అమ్మడం నేరం కాదు కనక గురువారం అతను ఇన్‌స్పెక్టరు కాదు. అలా అని గేనర్‌కి వివరించాడు.

"మరి గురువారం నువ్వెవరు?"

"మామూలు మనిషిని."

"చూడ్డానికి తేడా ఏం తెలీట్లేదే," అంది. అయినా ఆ రోజు వెనిగర్ సీసా దాచలేదు.

ఖాళీ దొరికినప్పుడు ఆమె అతని బల్ల దగ్గర కూర్చునేది. ఎదురుగా కాదు, పక్కన, కౌంటరు కనబడేలా. కూర్చోగానే తిట్టేది. చట్టం రద్దు చెయ్యాలని ఆమె కాగితం పెట్టి సంతకాలు పోగు చేస్తోంది. లండన్‌లో బిల్లు వస్తోందట, ఏడేళ్ళ కిందట ఇలాగే వస్తే పద్నాలుగు ఓట్లతో ఓడించారట. ఆ ఓడించినవాళ్ళు ఆ ఆదివారం ఎక్కడ తిన్నారో తెలుసుకోవాలని ఉందంది. తినే ఉంటారు, వడ్డించినవాళ్ళు పని చేసే ఉంటారు. ఉన్నవాడు ఆదివారం తింటే విశ్రాంతి, లేనివాడు ఆదివారం వండితే పాపం. ఈ మాట అంటున్నప్పుడు ఆమె ముక్కు కొస కొద్దిగా కదిలేది. రసెల్ సగం మాటలు వినేవాడు, సగంసేపు ముక్కు చూసేవాడు.

ఒకసారి అతను ధైర్యం చేసి, చట్టంలో కూడా ఒక మంచి ఉంది కదా, పనివాడికి ఒక రోజు విశ్రాంతి దొరుకుతుంది కదా అన్నాడు.

"నాకు విశ్రాంతి ఇవ్వడానికి నా ఇల్లు పీకుతారా?" అంది గేనర్. "పనివాణ్ణి బలవంతంగా పిలిచే యజమానికి శిక్ష వెయ్యమను, నేనే వచ్చి సాక్ష్యం చెప్తా. వాళ్ళని ముట్టుకోరు. నాయనమ్మ పెనం మాత్రం కనిపిస్తుంది."

ఆమె లేచి వెళ్తూ అతని ప్లేటులోంచి ఒక దుంపముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. ఆ చిన్న దొంగతనానికి రసెల్ ఆ రోజంతా గాల్లో నడిచాడు.

అప్పుడప్పుడు ఆదివారం ప్రార్థన ముగిశాక కౌన్సిలర్ గ్రీన్‌వుడ్ నల్లకోటులో ఆ వీధిన వచ్చేవాడు. హెట్టీ గుమ్మం ముందు ఆగి, లోపలి వరస లెక్కపెట్టి, తల పంకించి, రెండు గుమ్మాలు దాటి ల్యూంగ్‌గారి హోటల్లో దూరేవాడు. చేపా దుంపలూ కట్టించుకుని బయటికొచ్చేవాడు. అది చట్టబద్ధం. ఆయన ఆత్మకి ఏ మచ్చా అంటలేదు, చొక్కాకి తప్ప.

*

ఆరో పొట్లం ఫ్రిజ్‌లో చేరాక రసెల్ ఫైలు మీద కూర్చున్నాడు. వచ్చేవారం పంపుతా, ఆ పై వారం పంపుతా అంటూ నాలుగు వారాలు నెట్టాడు. లండన్ బిల్లు త్వరగా పాసైతే ఈ పాడు పని తన చేతుల్లోంచి దానంతటదే జారిపోతుందని ఆశ. పార్లమెంటు ఎప్పుడు ఎవరి కోసం త్వరపడింది?

సెప్టెంబరులో గ్రీన్‌వుడ్ ఆఫీసుకి స్వయంగా వచ్చి, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, ఫైలు ఎక్కడని అడిగాడు. రెండో రోజు సమన్లు తయారయ్యాయి. వాటిని అందజేయాల్సింది ఇన్‌స్పెక్టరే.

రసెల్ వెళ్ళేసరికి గేనర్ దుంపలు తొక్కు తీస్తోంది. అతన్ని చూసి నవ్వబోయింది. చేతిలో కవరు చూసింది. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"ఇది గురువారం," అంది.

"తెలుసు."

"గురువారం నువ్వు మామూలు మనిషివన్నావు."

అతను కవరు బల్ల మీద పెట్టాడు. ఏదో చెప్పబోయాడు. తన చేతుల్లో ఏమీ లేదన్నాడు. ఆ మాట బయటికొచ్చాక అదెంత నీచంగా ఉందో అతనికే వినిపించింది.

"నీ చేతుల్లో లేదా? తెచ్చింది ఏ చేత్తో?" అంది గేనర్. గొంతు పెంచలేదు. "నేనూ పిచ్చిదాన్నే. వారం వారం వచ్చి మా వెనకగదిలో కూర్చుంటుంటే, నా కోసం వస్తున్నావనుకున్నా. ఎన్ని బల్లలున్నాయి, ఎంతమంది తింటున్నారు, అదంతా రాసుకోవడానికి వచ్చావన్నమాట."

"కాదు గేనర్, నేను..."

"వెళ్ళు. సాక్షివి కదా, కోర్టులో మాట్లాడు. ఇక్కడ నీకు మాటలు అమ్మం."

తరవాత రెండుసార్లు వెళ్ళాడు. ఒకసారి తెర వెనక నుంచి ఆమె రాలేదు. రెండోసారి హెట్టీ వచ్చి, ఆమె ఏడుస్తోందని చెప్పి, ఇంకేమీ అనకుండా తలుపు వేసింది. ముసలమ్మ తిట్టి ఉంటే బాగుండేదనుకున్నాడు.

కోర్టుకి మూడు రోజుల ముందు, ఆఫీసులో ఎవరూ లేని మధ్యాహ్నం, రసెల్ బీరువా తెరిచి ఆ చట్టం పుస్తకం తీసి మొదటి నుంచీ చివరి దాకా చదివాడు. చట్టం అమలు చేసేవాడు చట్టం చదవడం ఆ ఆఫీసు చరిత్రలో అదే మొదటిసారి. వాళ్ళందరికీ తెలిసిందల్లా గోడమీద అంటించిన అరపేజీ. బీరువాలోని పుస్తకంలో, అయిదో షెడ్యూలులో, ఒక వాక్యం దగ్గర అతను ఆగాడు. భోజనం, ఫలహారం ఆదివారం అమ్మొచ్చు. వేయించిన చేపా దుంపల దుకాణంలో అమ్మే చేపా దుంపలు మాత్రమే కూడదు.

ఆ వాక్యం మళ్ళీ చదివాడు. అతని కళ్ళముందు రేడియేటరు మీద మేజోళ్ళు ఆవిరి కక్కాయి.

*

హెబుల్‌షా కోర్టు గదిలో ముగ్గురు మేజిస్ట్రేట్లు. నడిమి కుర్చీలో ఉన్నావిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ముప్ఫై ఏళ్ళు అబద్ధాలు విన్న మొహం. మొదటి వరసలో గ్రీన్‌వుడ్, చేతులు పొట్ట మీద పెట్టుకుని. గేనర్ నీలం రంగు గౌనులో నిలబడింది, పక్కన హెట్టీకి కుర్చీ వేశారు. గేనర్‌కి లాయరు లేడు. తప్పు చేశాననే చెప్తాననీ, ఆ తప్పుని తప్పు అన్నవాడి బుద్ధి గురించి మాట్లాడతాననీ ఊరంతా చెప్పింది. అదే చేసుంటే చప్పట్లు వచ్చేవి, ఇల్లు పోయేది.

ఆమె వంతు రాకముందే సాక్షిని పిలిచారు. రసెల్ బోనెక్కాడు. గేనర్ అతని వైపు చూడలేదు.

కౌన్సిల్ లాయరు రోజుకి ఇలాంటివి పది నడిపే మనిషి. తేదీలు అడిగాడు, రసెల్ చెప్పాడు. కొన్నదేమిటని అడిగాడు, వేయించిన చేపా దుంపలూ అని చెప్పాడు. లాయరు కాగితం తిప్పుతూ, ఇక కూర్చుందామన్నట్టు చివరి ప్రశ్న వేశాడు.

"అది వేయించిన చేపా దుంపల దుకాణమే కదా?"

అవునండీ అంటే అయిపోయేది. ఆ ఒక్క మాటకే కౌన్సిల్ ఏడేళ్ళుగా అతనికి జీతమిచ్చింది. రసెల్ నోరు తెరిచాడు. తెరిచేదాకా ఏం చెప్తాడో అతనికీ తెలీదు.

"కాదండీ," అన్నాడు.

లాయరు కాగితం తిప్పడం ఆపాడు. "ఏమన్నారు?"

"అది భోజన హోటలండీ. వెనక నాలుగు బల్లలున్నాయి. పెద్దావిడ పొద్దున్నే పిండిలో మాంసం కూరి 'పై' కాలుస్తారు, ఉల్లిపాయ గ్రేవీ చేస్తారు, బఠాణీలు ఉడకేస్తారు, ఆపిల్ 'పై' చేస్తారు. టీ కుండ ఖాళీ అవ్వకుండా పోస్తూ ఉంటారు. వచ్చినవాళ్ళలో సగంమంది చేప ముట్టుకోరు. బోర్డు మీద హెట్టీ అని తప్ప చేప అన్న మాటే లేదు."

లాయరు మొహం ఎర్రబడింది. ఊళ్ళో పసిపిల్లాడినడిగినా అది చేపల దుకాణమే అంటాడన్నాడు. ఊరు ఏమంటుందో తనని అడగలేదనీ, తాను చూసింది అడిగారనీ రసెల్ అన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ కళ్ళద్దాలు కిందకి జరిపింది.

"ఇదంతా మీకెలా తెలుసు, మెట్కాఫ్‌గారూ?"

"తిన్నానండీ."

"డ్యూటీలోనా?"

"అయిదుసార్లు డ్యూటీలో. ఇంకో తొమ్మిదిసార్లు నా అంతట నేనే."

వెనక బెంచీల్లో నవ్వులు. ఆవిడ చెయ్యెత్తితే ఆగిపోయాయి.

"పద్నాలుగు సార్లు. ఆ మాంసం 'పై' అంత బాగుంటుందా?"

"చాలా బాగుంటుందండీ."

"అందుకే వెళ్ళారా?"

రసెల్ బోను కర్రని గట్టిగా పట్టుకున్నాడు. ఇందాకటి నుంచీ గోడ వంక చూస్తున్న గేనర్ ఇప్పుడు అతని వైపు తిరిగింది. ఆ కళ్ళలో వాన ఇంకా అలాగే ఉంది.

"కాదండీ," అన్నాడు రసెల్. "గేనర్ కోసం వెళ్ళాను. వీళ్ళ ఇల్లు పోతుందని తెలిసి కూడా ఆరు పొట్లాలు కట్టుకుని వెళ్ళాను. నేను పిరికివాణ్ణి. అది కూడా రాసుకోండి."

హెట్టీ సంచిలోంచి పిప్పరమెంటు తీసి నోట్లో వేసుకున్న చప్పుడు గదంతా వినబడింది.

ముగ్గురు మేజిస్ట్రేట్లూ లోపలికెళ్ళి పది నిమిషాల్లో వచ్చారు. ఈ చట్టం ఎవరు రాశారో గాని వాళ్ళు ఎప్పుడూ ఆకలితో కొండ దిగి ఉండరని హెడ్‌మిస్ట్రెస్ అంది. భోజనం పెట్టే చోట పెట్టిన చేప భోజనమేనంది. కౌన్సిల్ ప్రధాన సాక్షే అది చేపల దుకాణం కాదంటున్నప్పుడు కేసు నిలవదంది. కొట్టేసింది. గ్రీన్‌వుడ్ లేచి, ఇది దేవుడి రోజుకి అవమానమన్నాడు. ఇవాళ మంగళవారం, కూర్చోండి అంది ఆవిడ.

*

మెట్ల మీద గేనర్ అతన్ని పట్టుకుంది. చినుకులు మొదలయ్యాయి. కృతజ్ఞత చెప్తుందనుకున్న రసెల్‌ని ఆమె రెండు చేతులతో ఒక్క తోపు తోసింది.

"ఈ ముక్క ముందే తెలుసా నీకు?"

"మూడు రోజుల కింద తెలిసింది. పుస్తకం చదివాను."

"మూడు రోజులు! నాయనమ్మ సామాను సర్దడం మొదలెట్టింది తెలుసా? తాతయ్య ఫోటో గోడ మీంచి దింపింది."

"చెప్పడానికి వస్తే తలుపు తియ్యరు కదా. అయినా... బోనెక్కేదాకా నాకు చెప్పే ధైర్యం ఉందో లేదో తెలీదు."

"ఇవాళ ఎక్కడి నుంచి వచ్చింది?"

"నువ్వు నా వైపు చూడలేదు. అది భరించలేకపోయాను."

ఆమె ముక్కు కొస కదిలింది. ఈసారి తిట్టు రాలేదు. "ఉద్యోగం ఊడుతుంది నీకు," అంది.

"సాయంత్రానికల్లా."

"దుంపలు తొక్కు తియ్యడం వచ్చా?"

"రాదు."

"ఏడేళ్ళు ఏం నేర్చుకున్నావు ఆ ఆఫీసులో," అని, అతని తడిసిన కోటు కాలరు పట్టుకుని దగ్గరికి లాగింది. మెట్ల కింద గొడుగు పట్టుకుని నిలబడ్డ హెట్టీ, కానివ్వండి, చలేస్తోంది అన్నట్టు అటు తిరిగింది.

అయితే ముసలమ్మ ఒప్పుకోవడం అంత సులువుగా జరగలేదు. ఉద్యోగం పోయినవాణ్ణి ఆమె వెనకగదిలో కూర్చోబెట్టి రెండు నెలలు దుంపలు తొక్కు తీయించింది. ప్రతి దుంపా తిప్పి చూసేది. పిరికితనం చేతుల్లో కనబడుతుందని ఆమె నమ్మకం. డిసెంబరులో ఒక సాయంత్రం ల్యూంగ్‌గారు కూడా వచ్చి కూర్చుంటే అందరూ రేడియో విన్నారు. పార్లమెంటు చట్టం మార్చడానికి ఓటేసింది. అదీ పూర్తిగా కాదు. పెద్ద షాపులు ఆరు గంటలే తెరవాలట, చిన్నవాళ్ళు ఎంతసేపైనా తెరుచుకోవచ్చట. నలభై ఏళ్ళ వెధవతనాన్ని సగం సగం దిద్దుకోవడం వాళ్ళకి అలవాటేనంది గేనర్. మొత్తానికి కంచర గాడిద మేత సరసన చేపా చేరింది.

రేడియో కట్టేశాక హెట్టీ రసెల్ ముందున్న గిన్నె లాక్కుని దుంపలన్నీ చూసింది.

"ఒక్క మచ్చ కూడా వదల్లేదు," అంది. తరవాత మనవరాలి వంక తిరిగి, "మీ తాతయ్య కూడా మొదట్లో పనికిమాలినవాడే. చేసుకో పిల్లా," అంది.

కొత్త చట్టం ఆగస్టు ఆఖరి ఆదివారం నుంచి అమలు. ముందురోజు శనివారం, పెళ్ళి. చర్చిలోనే, హెట్టీ పంతం. గ్రీన్‌వుడ్ రాలేదు. ల్యూంగ్‌గారు వచ్చి పాటలన్నీ గొంతెత్తి తప్పుగా పాడారు.

ఆదివారం పదకొండున్నరకే వీధి నిండిపోయింది. బురద బూట్లు, తడిసిన టోపీలు, జిల్లా పేపరు నుంచి కెమెరాతో ఒక విలేకరి. హెబుల్‌షాలో చట్టబద్ధంగా వేగే మొదటి ఆదివారం చేప ఫోటో కావాలతనికి. జనం వెనకాల నల్లకోటులో కౌన్సిలర్ గ్రీన్‌వుడ్ కూడా ఉన్నాడు, కొత్త పాపం ఎలా ఉంటుందో చూడ్డానికి. పన్నెండయింది. తలుపు తెరుచుకోలేదు. పొగగొట్టంలోంచి పొగ లేదు. విలేకరి తలుపు తట్టాడు, మళ్ళీ తట్టాడు.

పైగదిలో రసెల్ దుప్పట్లోంచి లేవబోతే గేనర్ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. పక్కగది కిటికీ తెరుచుకున్న చప్పుడైంది. హెట్టీ తల బయటికి పెట్టింది, జడపిన్నులు లేకుండా, జీవితంలో మొదటిసారి.

"ఏమ్మా," అని కిందనుంచి విలేకరి అరిచాడు, "చట్టం మారిపోయింది కదా. ఇవాళ తెరవొచ్చు కదా?"

"తెరవొచ్చు నాయనా," అంది హెట్టీ. "ఇప్పుడది మా ఇష్టం. తెరవొచ్చు కనకే మూశాం."

కిటికీ వేసేసింది.